మూత బిగించాక మీటర్ ఎంత చూపిస్తోంది?

మసక వెలుతురు కొలిచే సర్క్యూట్ కట్టాక ముందు కొలవాల్సింది చీకటినే. సర్క్యూట్ పెట్టిన డబ్బా మూత బిగించినప్పుడు వచ్చే రీడింగ్ నిలకడగా లేకపోతే, మూత తీశాక వచ్చే ఏ అంకెనూ నమ్మలేం.

కావలసినవి కొద్దే: బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్ (వెలుగు పడితే కరెంటు ఇచ్చేది), ఎల్ఎంసీ662 ఆప్ ఆంప్ (చిన్న సిగ్నల్‌ని పెంచే ఐసీ), ఫీడ్‌బ్యాక్‌లో, అంటే దాని అవుట్‌పుట్ నుంచి 2వ పిన్నుకి, 1 గిగాఓమ్ (వంద కోట్ల ఓమ్‌ల) రెసిస్టర్, దానికి సమాంతరంగా 1 పికోఫారడ్ కెపాసిటర్. డయోడ్ ఆనోడ్, ఆప్ ఆంప్ 3వ పిన్ను గ్రౌండ్‌కి. కాథోడ్ 2వ పిన్నుకి. 1 పికోఆంపియర్‌కి (ఆంపియర్‌లో లక్ష కోట్లవ వంతుకి) 1 మిల్లీవోల్ట్ వస్తుంది. పికోఆంపియర్ అంటే సెకనుకు దాదాపు 62 లక్షల ఎలక్ట్రాన్లు! సప్లైకి నాలుగేసి ఏఏ సెల్స్ రెండు వరుసలు పెట్టి ప్లస్, మైనస్ 6 వోల్టులు ఇవ్వండి. రెండు 9 వోల్ట్ బ్యాటరీలు కలిపితే 18 అవుతుంది, ఈ ఐసీ అంత తట్టుకోదు.

తిప్పలన్నీ 2వ పిన్ను దగ్గరే. బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ (సోల్డర్ అంటుకోవడానికి వాడే జిగురు పదార్థం), వానాకాలపు చెమ్మ కలిసి 6 వోల్టుల ట్రాక్ నుంచి ఈ పిన్నుకి 100 గిగాఓమ్‌ల దారి ఇచ్చినా 60 పికోఆంపియర్లు కారతాయి, మీటర్ మీద 60 మిల్లీవోల్టులు. అందుకే ఆ పిన్నును పైకి వంచి, డయోడ్ కాలు, రెసిస్టర్ కాలు గాల్లోనే సోల్డర్ చేయాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. రెసిస్టర్ ఒంటిని వేళ్లతో ముట్టుకోవద్దు. అంతా రేకు డబ్బాలో పెట్టి, డబ్బానూ మూతనూ గ్రౌండ్‌కి కలపాలి. లేకపోతే కరెంటు వైర్ల 50 హెర్ట్జ్ హమ్ లోపలికి వస్తుంది.

చీకటి రీడింగ్ వేడితో కూడా మారుతుంది. ఆప్ ఆంప్ ఆఫ్‌సెట్ (రెండు ఇన్‌పుట్ పిన్నుల మధ్య ఉండిపోయే చిన్న వోల్టేజీ తేడా) కొద్ది మిల్లీవోల్టులే అయినా డయోడ్ గుండా కాస్త కరెంటు తోస్తుంది, అది వేడెక్కే కొద్దీ పెరుగుతుంది. పొద్దున సున్నాగా తీసుకున్న చీకటి రీడింగ్ మధ్యాహ్నానికి పనికిరాదు.

ఇక రంగుల సంగతి. ఈ డయోడ్ 430 నుంచి 1100 నానోమీటర్ల దాకా చూస్తుంది, 900 దగ్గర బాగా. 1100 దాటితే సిలికాన్‌కి కనబడదు, 1700 దాకా కావాలంటే ఇండియం గాలియం ఆర్సెనైడ్ లాంటి వేరే పదార్థపు డయోడ్ వాడాలి. ఆకుపచ్చ జెలటిన్ కాగితం అడ్డుపెట్టి ఆకుపచ్చ వెలుగే కొలుస్తున్నామనుకుంటే మోసపోతాం. అలాంటి కాగితాల్లో చాలావాటి గుండా పరారుణ కాంతి దర్జాగా దూసుకొస్తుంది. కాగితం వెనక నుంచి టీవీ రిమోట్ నొక్కి చూడండి. రీడింగ్ పెరిగితే, ఆ కాగితంతో పాటు పరారుణాన్ని ఆపే గాజు ఫిల్టర్ కూడా పెట్టాలి.