ముక్కే సూది

ఈ పొద్దున కుండీ మొక్కకి వెడల్పాటి ఆకు ఒకటి అంచులు దగ్గరికి ముడుచుకుని కనిపించింది. పురుగు పట్టిందేమో అని తెంపబోయి ఆగాను. అంచు పొడవునా సన్నటి చిల్లులు, వాటిలోంచి సాలీడు దారం. ముక్కుతో ఆకులు కుట్టి గూడు కట్టుకునే చిన్న పిట్ట, టైలర్ బర్డ్ పని! గూడు దగ్గర తచ్చాడితే బెదిరి వదిలేస్తుందని ఫోటో కూడా తీయలేదు.

నా చిల్లు సంగతి చెప్పాలంటే సిగ్గేస్తోంది. అగేట్ రాయి లాకెట్‌కి నిన్న డ్రిల్ చేస్తూ తొందరపడ్డాను, అవతలి వైపు పెచ్చు లేచిపోయింది. సగం ఇటునుంచి, సగం అటునుంచి వెయ్యాలని తెలిసీ! గట్టిదనం కొలిచే మోస్ స్కేల్ మీద దాదాపు 7 ఉండే రాయి, మూడు సాయంత్రాల పాలిష్, అదీ గరుకైన 220 గ్రిట్ నుంచి నున్నటి 3000 గ్రిట్ దాకా నీళ్లతోనే (పొడిగా రుద్దితే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది). పెచ్చు ఊడిన చోటు మాత్రం అచ్చం నెలవంకలా ఉంది. దాన్నే ముందువైపుకి తిప్పేద్దామనుకుంటున్నా.