క్లౌడ్ చాంబర్ మూడోసారికి పనిచేసింది: నా అనుభవం

మా హైస్కూల్లో పదో తరగతి పిల్లలకి అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల జాడ కళ్లారా చూపించాలని క్లౌడ్ చాంబర్ (కణం దూసుకెళ్లిన దారి సన్నటి మంచుగీతలా కనబడే పెట్టె) తయారుచేయడం మొదలుపెట్టాను. చిన్న గాజు చేపల తొట్టె లోపల అడుక్కి ఫెల్టు గుడ్డ అతికించి, దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బాగా తడిపి, తొట్టెని నల్లరంగు వేసిన అల్యూమినియం రేకు మీద బోర్లించి, ఆ రేకుని డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) మీద పెట్టాలి. డ్రై ఐస్ ఐస్‌క్రీం డీలర్ దగ్గర దొరికింది. మైనస్ 78 డిగ్రీలు, మందపాటి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, కిటికీలు తెరిచే ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

మొదటిసారి అంచుల్లోంచి గాలి దూరి లోపలంతా సుడులే. రెండోసారి టార్చి పైనుంచి వేశాను, రేకు మెరుపు తప్ప ఏమీ కనబడలేదు. బాగా నిరుత్సాహపడ్డాను.

ఆ రాత్రి బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్ గురించి చదివాను. పద్దెనిమిదేళ్లకే, 1916లో, జట్లాండ్ నౌకాయుద్ధంలో ఉన్నారు. యుద్ధమయ్యాక నేవీ వాళ్లే కేంబ్రిడ్జికి చదువుకి పంపితే, అక్కడి కావెండిష్ భౌతికశాస్త్ర ప్రయోగశాల చూసి నేవీనే వదిలేశారు. ఆల్ఫా కణం (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్ద) నైట్రోజన్ కేంద్రకాన్ని ఢీకొంటే ఏమవుతుందో క్లౌడ్ చాంబర్‌లో ఫొటో తీయమని ఆ ప్రయోగశాల అధిపతి రూథర్‌ఫర్డ్ పని అప్పగించారు. దాదాపు 23,000 ఫొటోలు, వాటిలో 4 లక్షల గీతలు, అన్నీ వెతికితే కావలసినవి ఎనిమిదే! ఆ ఎనిమిదింటిలోనూ గీత మూడుగా కాదు, రెండుగానే చీలింది. అంటే ఆల్ఫా కణం నైట్రోజన్‌లో కలిసిపోయింది, ప్రోటాన్ బయటికొచ్చింది, మిగిలింది ఆక్సిజన్. 1925 నాటి ఈ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాత 1932లో ఇటలీ శాస్త్రవేత్త ఒక్కియాలినితో కలిసి చాంబర్‌కి పైనా కిందా కణాల రాకను పసిగట్టే గైగర్ కౌంటర్లు పెట్టారు, రెండింటిలోంచీ కణం దూసుకెళ్తేనే ఫొటో పడేలా. ఎలక్ట్రాన్ లాంటిదే అయినా ధనావేశం ఉన్న పాజిట్రాన్ ఉనికిని ఆ ఫొటోలు గట్టిగా నిలబెట్టాయి. 1948లో నోబెల్ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన రక్షణ పరిశోధన ఎలా ఉండాలో నెహ్రూకి సలహా ఇచ్చింది కూడా ఈయనే, అది చెప్తే పిల్లలు నమ్మలేకపోయారు.

మూడోసారి అంచులకి టేపు వేసి, టార్చి పక్కనుంచి పెట్టి, గది చీకటి చేసి పావుగంట కదలకుండా కూర్చున్నాం. రేకు మీద పల్చటి మంచు పొర దిగింది. "సార్, అదిగో గీత!" అంది ఒక పిల్ల. సన్నగా, తిన్నగా వచ్చి రెప్పపాటులో మాయమైంది. కాసేపటికి ఇంకోటి, పొట్టిగా, లావుగా, అది ఆల్ఫా. ఆ పిల్ల నోటుబుక్కు తీసి లెక్క రాయడం మొదలుపెట్టింది, బెల్లు కొట్టినా లేవలేదు.