కల్పాక్కం లైట్లు

ఈ రోజు ఆఫీసులో కుర్చీ దిగాలంటే భయం. అన్న తెరచాప పడవలో పుదుచ్చేరి నుంచి చెన్నైకి పోయొచ్చాను, దాని ప్రభావం. లేచి నిలబడితే నేల ఊగుతోంది. కూర్చున్నా ఊగుతుంది గానీ, పట్టుకోవడానికి టేబులైనా ఉంటుంది. రాత్రంతా సముద్రం మీద ఉంటే మెదడు ఆ ఊపుకి అలవాటుపడిపోయి, ఒడ్డెక్కాక కూడా దానికి తగ్గట్టే సర్దుకుంటూ ఉంటుందట. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. జీఎస్టీ రిటర్నులకి 20వ తేదీ గడువు, క్లయింట్ల ఫోన్లు ఆగడం లేదు. ఎక్సెల్‌లో అంకెలు ఎడమకి ఒరిగి మళ్ళీ లేస్తుంటే మధ్యమధ్యలో బయటికొచ్చి తిరుమల కొండ వైపు చూస్తూ నిలబడ్డాను. దూరంగా, కదలనిది ఏదైనా కనబడితే కాస్త నయం.

మధ్యాహ్నం ఇంటికెళ్తే అవ్వ సంగటి, ఊరుబిండి పెట్టి పక్కనే కూర్చుంది. "తుపానేమన్నా వచ్చిందా నాయనా?" అని మొదలుపెట్టింది. తుపాను రాలేదు. అందుకే చెప్పడం కష్టంగా ఉంది. అందరూ తుపాను గురించే అడుగుతారు. ఆ రాత్రి మమ్మల్ని సతాయించింది ఎంతసేపటికీ ముందుకి పోకపోవడం.

పుదుచ్చేరి నుంచి చెన్నైకి సముద్రం మీద సుమారు 75 నాటికల్ మైళ్ళు, అంటే దగ్గర దగ్గర 140 కిలోమీటర్లు. ఇంచుమించు తిరుపతి నుంచి చెన్నైకి బస్సులో పోయినంత. అన్న బోటు 28 అడుగుల యాట్. మేం ముగ్గురం. గంటకి ఐదు మైళ్ళు పోతే గొప్ప. ఫిబ్రవరి కదా, గాలి ఇంకా ఈశాన్యం నుంచే, దాదాపు మేం పోవాల్సిన దిక్కు నుంచే కొడుతోంది. ఏ తెరచాపా గాలికి నేరుగా ఎదురెళ్ళలేదు. కొంత దూరం ఇటు పక్కకి, కొంత దూరం అటు పక్కకి వంకరటింకరగా పోవాలి. ఈ నెలల్లో కోస్తా వెంట నీటి ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది. మనకి మంచిదే కదా అనుకున్నాను. కానీ గాలి ఒక వైపు, నీళ్ళు ఇంకో వైపు అయితే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. బోటు అల మీదికెక్కి దబ్బున పడి ఆగిపోతుంది. వేగం పుంజుకునే లోపు ఇంకొకటి వచ్చేస్తుంది.

అర్ధరాత్రి ముందు ఎడమ వైపు కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం లైట్లు కనబడ్డాయి. సగం దాటేశామని సంబరపడ్డాను. బోటు చూసుకునే నా వంతు అయ్యాక కిందికి పోయి, తడి జాకెట్‌తోనే, దొర్లకుండా కాళ్ళు గోడకి తన్నిపెట్టి పడుకున్నాను. మళ్ళీ లేపితే పైకొచ్చి చూశాను. అవే లైట్లు. అక్కడే ఉన్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రాత్రిపూట ఒడ్డుకి దగ్గరగా ఉంటే నేల మీది నుంచి వచ్చే గాలి దొరుకుతుంది, అలలూ తగ్గుతాయి. కానీ అక్కడ వలలు, లైట్లు లేని పడవలు. వల చుక్కానికి చుట్టుకుంటే మా పని అయినట్టే, ఆ వల వేసినవాడి పొట్ట మీదా కొట్టినట్టే. దూరంగా పోతే పెద్ద ఓడలు. ఓడకి ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం ఉంటాయి. రెండూ ఒకేసారి కనబడ్డాయంటే అది మన మీదికే వస్తున్నట్టు. కనబడ్డాయి కూడా. అన్న ఏమీ మాట్లాడకుండా బోటును కుడికి తిప్పాడు. పచ్చ దీపం మాయమై ఎర్రది ఒక్కటే మిగిలేదాకా ముగ్గురం దాన్నే చూస్తూ ఉన్నాం. అంత జరిగినా ఆయన బయటే ఉందామన్నాడు. ఒడ్డు వైపు పోయుంటేనే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది. కానీ బోటు ఆయనది.

"ఆ పడవకి ఇంజను లేదా?" అంది అవ్వ. ఉంది. ఆ అలలకి ఎదురు చిన్న డీజిల్ ఇంజన్‌తో పోతే తెరచాపతో పోయినంత కూడా పోము. తెల్లారి గాలి పడిపోయాక మాత్రం అదే దిక్కయింది. కుడి వైపు సూర్యుడు పైకొచ్చేసరికి మహాబలిపురం లైట్‌హౌస్ వెనకబడింది. "బస్సులో నాలుగు గంటల దోవకి ఇదేం పోయేగాలం!" అని అవ్వ ఇంకో ముద్ద వేసింది.

విశాఖ నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బి. ఐశ్వర్య ఉన్న నౌకాదళ మహిళల బృందం 2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి, 'తారిణి' అనే తెరచాప పడవ మీద భూమి చుట్టి 2018 మేలో తిరిగొచ్చింది. అప్పట్లో చదివినప్పుడు దక్షిణ అమెరికా చివర ఉన్న కేప్ హార్న్, అక్కడి అలలు మాత్రమే మనసులో పడ్డాయి. ఇప్పుడైతే నేను అడగాలనుకునేవి వేరే. వంతుకీ వంతుకీ మధ్య నిద్ర ఎలా పట్టింది? అన్ని నెలలు తడి బట్టలు ఎక్కడ ఆరేసుకున్నారు?

సాయంత్రం అన్న ఫోన్ చేశాడు. బోటు ముందువైపు తెరచాప అంచు చిరిగిందట, చెన్నైలో కుట్టేవాళ్ళు నెల ఆగమంటున్నారట. మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారేమో చూడమన్నాడు. ఆఫీసు నుంచి వస్తూ షామియానాలు కుట్టే ఆయన దగ్గర ఆగాను. మందమైన పాలిస్టర్ గుడ్డ, జిగ్‌జాగ్ కుట్టు పడాలని చెప్పాను. మిషన్ ఉందన్నాడు. ఎంత పొడవు, ఏ ఫంక్షన్‌కి అని అడిగాడు. పడవకి అంటే నన్ను పైనుంచి కిందికి చూసి, "ముందు గుడ్డ తెండి సార్, చూసి రేటు చెప్తా" అన్నాడు.