కొడుకు బేస్‌బాల్, నాన్న స్కోరు పుస్తకం

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మావాణ్ని పిల్లల బేస్‌బాల్ లీగైన లిటిల్ లీగ్‌లో చేర్పించినప్పుడు తల్లిదండ్రులు తలా ఒక పని ఒప్పుకోవాలన్నారు. గ్రౌండులో సున్నం గీతలు గీయడం, తినుబండారాల కొట్టు చూసుకోవడం, స్కోరు రాయడం. కాలేజీలో క్రికెట్ స్కోరు రాసినవాణ్ని కదా అని స్కోరు పుస్తకం పుచ్చుకున్నాను.

క్రికెట్ లెక్క అక్కడ చెల్లలేదు. ప్రతి ఫీల్డరుకీ, చొక్కా మీద ఏ నంబరున్నా సరే, ఒక అంకె ఉంటుంది. బంతి విసిరే పిచర్ 1, బ్యాటరు వెనక పట్టే క్యాచర్ 2, రన్నర్లు వరసగా చేరాల్సిన బేస్‌ల దగ్గర కాసేవాళ్ళలో ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, రెండో, మూడో బేస్‌ల నడుమ కాసే షార్ట్‌స్టాప్ 6, వెనకాల ముగ్గురూ 7, 8, 9. 6-4-3 అని రాశామంటే షార్ట్‌స్టాప్ బంతిని సెకండ్ బేస్‌కి, అతను ఫస్ట్ బేస్‌కి విసిరి ఇద్దర్ని అవుట్ చేశారన్నమాట. స్ట్రైకౌట్‌కి, అంటే మూడు స్ట్రైకులు పడి బ్యాటరు అవుటైతే, ఇంగ్లిషు ‘కె’ అక్షరం. మూడో స్ట్రైకుకి బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడ్డవాడికి అదే ‘కె’ తిరగేసి రాయాలి. అవుటైన తీరు చెబుతూనే చిన్న చురక!

సాధన కోసం రాత్రిళ్ళు టీవీలో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆట పెట్టుకుని రాసేవాణ్ని. అక్కడ దొరికిన గురువు కామెంటేటర్ డ్వేన్ కైపర్. ఆయన పక్కన మైక్ క్రూకో, ఒకప్పటి పిచర్. కైపర్ మాత్రం సెకండ్ బేస్‌మన్, అంటే నా పుస్తకంలో 4. విస్కాన్సిన్‌లో పుట్టి, సదరన్ ఇలినాయ్ యూనివర్సిటీకి ఆడారు. ఆ జట్టు 1971లో కాలేజ్ వరల్డ్ సిరీస్ ఫైనల్ దాకా వెళ్ళి ఓడింది. 1972లో ఆయన్ని క్లీవ్‌లాండ్ జట్టు తీసుకుంది, 1974లో అగ్రశ్రేణి మేజర్ లీగ్ ప్రవేశం. 1982 నుంచి 1985 దాకా జెయింట్స్‌కి ఆడి, ఆ తర్వాత మైకు పట్టారు. 1993లో కొత్తగా పుట్టిన కొలరాడో రాకీస్‌కి కామెంటరీ చెప్పి, మరుసటి ఏడు మళ్ళీ ఇక్కడికే.

3,379 ఎట్‌బ్యాట్లలో (బ్యాటింగ్ వంతులు) ఆయన కొట్టిన హోమ్‌రన్, అంటే మన సిక్సర్ లాంటిది, ఒకే ఒక్కటి, 1977 ఆగస్టు 29న, స్టీవ్ స్టోన్ బౌలింగ్‌లో. (పిచింగ్ అనాలి, అలవాటు పోదు.) ఆ స్టోన్ కూడా తర్వాత కామెంటేటరే అయ్యాడు! 2007లో జెయింట్స్ ఆటగాడు బారీ బాండ్స్ 756వ హోమ్‌రన్ కొట్టి, అత్యధిక హోమ్‌రన్లలో హాంక్ ఆరన్ రికార్డు దాటినప్పుడు టీవీలో ఆ క్షణాన్ని చెప్పింది ఈ ఒక్క హోమ్‌రన్ మనిషే.

నన్ను అడిగితే కామెంటరీకి బేస్‌ల దగ్గర కాసే ఇన్‌ఫీల్డర్లే మేలు. ప్రతి బంతికీ రన్నర్లు ఎక్కడున్నారు, తను ఎటు విసరాలి అని ముందే లెక్క వేసుకోవడం వాళ్ళ ఉద్యోగం. స్కోరు రాసేవాడికి కావలసిందీ అదే చూపు. బంతి వెంట కళ్ళు పరిగెత్తితే 4 ఎప్పుడు బేస్ మీదికొచ్చాడో తెలీదు.

అసలు తలనొప్పి బ్యాటరు తన దెబ్బతోనే బేస్ చేరాడా (హిట్టు), ఫీల్డరు తప్పువల్లా (ఎర్రరు) అన్నది. క్రికెట్‌లో ఫీల్డరు వదిలేసినా పరుగు బ్యాటరుదే. ఇక్కడ మామూలు ప్రయత్నంతో అందాల్సిన బంతి వదిలితే ఫీల్డరు పేరున ఎర్రర్ పడుతుంది, బ్యాటరుకి హిట్ దక్కదు. తొమ్మిదేళ్ళ పిల్లలకి ‘మామూలు ప్రయత్నం’ అంటే ఎంత? మా జట్టులో ఒకావిడ ప్రతి ఆటా అయ్యాక వచ్చి, “మావాడిది హిట్టే కదండీ?” అనేది. అవతలి జట్టులో ఒక నాన్న అదే బంతి గురించి, “మావాడి మీద ఎర్రర్ వెయ్యకండి” అనేవాడు. ఇద్దరి మాటా నెగ్గాలంటే హిట్ ఇవ్వడమే దారి, ఆ ఊళ్ళో చాలా హిట్లు అలా పుట్టినవే.

మావాడికి ఈ ఏడు సెకండ్ బేస్ ఇచ్చారు. హోమ్‌రన్లు కొట్టే చోటు కాదని అలిగాడు. కైపర్ లెక్క చెప్పాను. “ఆ ఒక్కటీ ఎలా కొట్టాడు నాన్నా?” అని వీడియో వెతకడం మొదలుపెట్టాడు.