గ్రేడ్ 3 అంటే స్టేజ్ 3 కాదు

అక్క బయాప్సీ రిపోర్టులో "ఫాలిక్యులర్ లింఫోమా, గ్రేడ్ 3ఎ" అని (లింఫోమా అంటే తెల్ల రక్తకణాల్లో మొదలయ్యే ఒక క్యాన్సర్) చూసి నేను స్టేజ్ 3 అనుకుని ఏడ్చేశాను. ఆ రెండూ వేరు. స్టేజ్ అంటే జబ్బు ఒంట్లో ఎంత దూరం పాకిందో చెప్పేది, గ్రేడ్ అంటే మైక్రోస్కోపులో సెంట్రోబ్లాస్టులనే పెద్ద కణాలు ఎన్ని కనిపించాయన్న లెక్క.

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం దీని వెనకున్న జన్యువుల సంగతి. గ్రేడ్ 1, 2లలో ఎక్కువమందికి 14, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారై ఉంటాయి, దాంతో బీసీఎల్2 జన్యువు ఆగకుండా పనిచేస్తూ, చావాల్సిన కణాన్ని చావనివ్వదు. ఈ మార్పు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనూ కొద్ది కణాల్లో దొరుకుతుందట, అంటే అదొక్కటే జబ్బు తెచ్చిపెట్టదు, కేఎంటీ2డీ, క్రెబ్‌బీపీ లాంటి జన్యువులు కూడా దెబ్బతినాలి. గ్రేడ్ 3లో ఎ, బీ అని రెండు రకాలు. 3ఎ చాలావరకు గ్రేడ్ 1, 2ల గుంపుకే దగ్గర. 3బీలో ఆ తారుమారు తక్కువగా కనిపిస్తుంది, అది వేగంగా పెరిగే పెద్ద బీ కణాల (ఇవి ఒక రకం తెల్ల రక్తకణాలు) లింఫోమాకు దగ్గర, చికిత్స కూడా సాధారణంగా అలాగే చేస్తారు.

అందుకే రిపోర్టులో ఎ ఉందో బీ ఉందో డాక్టర్‌ని తప్పకుండా అడగండి.