ఓవెన్ లేని ఇంట్లో క్రిస్మస్ మిఠాయి

నా చిన్నతనంలో సికింద్రాబాద్‌లో డిసెంబరు మూడో వారం వచ్చిందంటే అమ్మ కేకు పిండి కలిపి, గిన్నెకు గుడ్డ కట్టి నా చేతికిచ్చేది. వీధి చివరి బేకరీలో ఇస్తే వాళ్ళే కాల్చిపెట్టేవారు. తారుమారు కాకుండా గిన్నె మీద పేరు రాసిన చీటీ అంటించడం నా పని. అయినా ఒక ఏడాది ఎవరిదో ప్లమ్ కేకు మాకొచ్చింది. మాదానికంటే బాగుండటంతో ఎవరమూ నోరెత్తలేదు.

ఇప్పుడు మేమున్న చోట అలా కాల్చిచ్చే బేకరీ లేదు, ఇంట్లో ఓవెనూ లేదు. పోయిన క్రిస్మస్‌కు 23వ తేదీ రాత్రి క్యారల్స్ బృందం మా ఇంటికి వస్తుందని కబురందింది. ముప్పై మంది. అత్తయ్య అప్పటికే అరిసెలు, జంతికలు చేసి డబ్బాలకెత్తారు. పిల్లలకు చాక్లెట్‌తో కూడా ఏదైనా ఉండాలని నేను పూనుకున్నాను.

ముందు కొబ్బరి ఉండలు. 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాలో సగం, రెండు కప్పుల ఎండుకొబ్బరి పొడి బాణలిలో వేసి, సన్నని సెగ మీద ముద్ద అంచులు వదిలేదాకా తిప్పాను. చల్లారాక ఉండలు చుట్టి, మళ్ళీ పొడిలో దొర్లించాను. పచ్చికొబ్బరి అయితే రుచి ఎక్కువే కానీ, రెండో రోజుకే వాసన వస్తుంది. మంచు ఎన్నడూ చూడని మా పిల్లలు వీటికి మంచు ముద్దలని పేరు పెట్టేశారు.

తరువాత 200 గ్రాముల మేరీ బిస్కెట్లను సంచిలో వేసి అప్పడాల కర్రతో నలగ్గొట్టాను. మరీ మెత్తగా కాదు, అక్కడక్కడ పలుకు తగలాలి. మూడు చెంచాల కోకో పొడి, 50 గ్రాముల కరిగించిన వెన్న, మిగిలిన సగం డబ్బా పాలు వేసి కలిపి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచాను. చేతికి నెయ్యి రాసుకుని లడ్డూలు చుట్టినట్టే చుట్టాను. నలభై దాకా వచ్చాయి.

ఇక వాటికి చాక్లెట్ పూత వేయాలి. మరిగే నీళ్ళ మీద గిన్నె పెట్టి చాక్లెట్ కరిగించాను. నిగనిగలాడుతూ కరిగింది. అంతలో ఫోను మోగింది. అటు తిరుగుతూ, అప్పుడే కడిగిన గరిటెను తుడవకుండా అందులో పెట్టాను. నిమిషంలో చాక్లెట్ అంతా ఇసుకలా పలుకులు కట్టి బిగుసుకుపోయింది. కాస్త తడి తగిలితే చాలు, అందులోని చక్కెర రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసి చేసిన తప్పు కాబట్టి ఏడుపు ఇంకా ఎక్కువ వచ్చింది.

అత్తయ్య గిన్నెలోకి తొంగిచూశారు. "పాకం ముదిరితే ఏం చేస్తామమ్మాయీ? నీళ్ళు పోసి మళ్ళీ కాస్తాం. దీనికీ పోసి చూడు" అన్నారు. నీళ్ళతోనే కదా చెడింది, ఇంకా నీళ్ళేమిటని లోలోపల విసుక్కున్నాను. ఎలాగూ పారబోసేదేనని వేడి పాలు ఒక్కొక్క చెంచా పోస్తూ కలిపాను. మొదటి రెండు చెంచాలకు ఇంకా బిగిసింది. నాలుగో చెంచాకు వదులైంది, ఆరో చెంచాకు మళ్ళీ నిగనిగలాడింది. చక్కెర కరగడానికి తగినంత తడి దొరికిందన్నమాట. అయితే ఇక అది పెళుసుగా గట్టిపడదు, పూతగా పనికిరాదు. అయినా పారబోయలేక ఉండలను అందులోనే ముంచి, వేయించిన జీడిపప్పు పలుకుల్లో దొర్లించి ఫ్రిజ్‌లో పెట్టేశాను.

బృందం వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. పాటలు, ప్రార్థన అయ్యాక పళ్ళేలు తిప్పాం. చాక్లెట్ ఉండలు వేళ్ళకు అంటుకుంటున్నా ఎవరూ ఆగలేదు. క్రిస్మస్ తాత వేషం వేసిన అబ్బాయి తెల్లగడ్డం పైకెత్తి రెండు నోట్లో వేసుకున్నాడు, దించాక చూస్తే గడ్డం సగం గోధుమ రంగు. డ్రమ్ము వాయించే కుర్రాడు మాత్రం చేతులు జిడ్డవుతాయని నాలుగు అరిసెలు కాగితంలో చుట్టుకుని జేబులో వేసుకున్నాడు. అది చూసి అత్తయ్య నా వంక చూసి చిన్నగా నవ్వారు.