హెర్స్టాల్ పక్కన మా నాన్న పిస్టల్

నోరు మూసుకుని అన్నం తినాల్సింది నేను. మధ్యాహ్నం పన్నెండున్నరకి షాపు వెనక గదిలో అందరం డబ్బాలు తెరిచాం. నాది నిన్నటి పప్పు, అన్నం. మాటల్లో మాటగా హెర్స్టాల్ తుపాకుల ఫ్యాక్టరీ సంగతి వచ్చింది. మా షాపు నుంచి అది బస్సులో పావుగంట. మేం చేసేది తుపాకులు కాదు, పంపులకి షాఫ్టులూ వాల్వు బాడీలూ. అయినా బెల్జియంలో ఈ లియేజ్ ఊరి చుట్టుపక్కల ఏ మెషిన్ షాపులో చూసినా ఎవరో ఒకరి నాన్నో మేనత్తో ఆ ఫ్యాక్టరీలో పనిచేసే ఉంటారు. ఆ రోజు అక్కడ పుట్టిన బ్రౌనింగ్ హై-పవర్ పిస్టల్ గురించి మాట్లాడుకుంటున్నారు. వీళ్ళు దాన్ని 'జేపే' అంటారు, ఫ్రెంచిలో హై-పవర్‌ని గ్రాండ్ ప్యుయిసాన్స్ అంటారు, దానికి పొడి అక్షరాలు. నాకు ఆగలేదు. "మా నాన్న ఆర్మీలో ఆ పిస్టళ్ళే రిపేరు చేసేవాడు. మా దేశంలోనూ తయారవుతుంది" అన్నాను, నా వచ్చీరాని ఫ్రెంచిలో.

మా ఫోర్‌మన్ శాండ్‌విచ్ కాగితం మడతపెడుతూ, తల ఎత్తకుండా, "ఆ, కాపీ" అన్నాడు.

అంతే. ఎవరూ నవ్వలేదు కూడా. ఆయన లేచి కాఫీ మెషిన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. నా పప్పన్నం మాత్రం గొంతు దిగలేదు.

ఆయన చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి. నేను వచ్చిన కొత్తలో అద్దెకి ఇల్లు దొరక్కపోతే తన కార్లో తిప్పి నాలుగు ఇళ్ళు చూపించింది ఆయనే. అరవై దాటినాయన్ని 'నువ్వు' అనడానికి నాకు ఏడాది పట్టింది. ఇక్కడ షాపులో అందరూ అందరినీ నువ్వే అంటారు, మీరు అంటే కోపమొచ్చిందా అని అడుగుతారు. హైదరాబాద్‌లో నేను ఇంతకుముందు పనిచేసిన బాలానగర్ షాపుల్లో ఫోర్‌మన్ని నువ్వు అని ఉంటే మర్నాడు గేటు బయట ఉండేవాణ్ణి.

బాలానగర్ వల్లే ఆ మాట అంత గుచ్చుకుందేమో. డిప్లొమా అయ్యాక అక్కడ ఆరేళ్ళు చేశాను. పార్టీ ఒక అరిగిపోయిన పీసు తెచ్చి బల్ల మీద పెట్టి "ఇలాంటివి రెండొందలు కావాలి" అంటాడు. డ్రాయింగ్ ఉండదు. వెర్నియర్ పట్టుకుని మనమే కొలవాలి, ఎంత అరిగిందో అంచనా కట్టి, కొత్తగా ఉన్నప్పుడు ఎంత ఉండేదో మనమే రాసుకోవాలి. అరిగిన పీసుని చూసి అరగని పీసుని ఊహించడం చిన్న పనేం కాదు. దాన్ని కాపీ అనొచ్చు, నిజమే. కానీ ఆ పని చేసినవాడు ఆ మాట అంత తేలిగ్గా అనడు.

ఇంటికొచ్చి రెండు గంటలు మనసులోనే ఫోర్‌మన్‌తో వాదించాను. ఎదురుగా అనలేనివన్నీ అందులో ఉన్నాయి, మంచి ఫ్రెంచిలో.

అసలు ఒరిజినల్ ఎవరిదయ్యా? మొదలుపెట్టింది జాన్ బ్రౌనింగ్, అమెరికాలో యూటా రాష్ట్రం ఆగ్డెన్ మనిషి. అడిగింది ఫ్రెంచి సైన్యం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక వాళ్ళకి ఎక్కువ తూటాలు పట్టే పిస్టల్ కావాలనిపించింది. అప్పటి మంచి పిస్టళ్ళకి ఏడో ఎనిమిదో పట్టేవి. ఈ లియేజ్ మనిషే, ద్యూదొన్నే సైవ్ అనే ఇంజనీరు, తూటాలని ఒకదాని మీద ఒకటి కాకుండా ఎడాపెడా రెండు వరసల్లో సర్దే మాగజీన్ చేశాడు. దాంతో పిడి మరీ లావెక్కకుండానే 13 పట్టాయి. 1926 నవంబర్‌లో బ్రౌనింగ్ ఇక్కడే, ఆ ఫ్యాక్టరీలోనే, కొడుకు ఆఫీసు గదిలో గుండె ఆగి చనిపోయాడు. మిగతా పని సైవ్ పూర్తిచేశాడు.

ఇందులో నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. బ్రౌనింగ్ తన పాత పిస్టల్ పేటెంట్లు అమెరికాలో తుపాకులు చేసే కోల్ట్ కంపెనీకి అమ్మేశాడు. అందుకని కొత్త పిస్టల్లో తన ఆలోచనలు తనే వాడుకోవడానికి లేకపోయింది. 1928లో ఆ పేటెంట్ల గడువు తీరాక, ఆయన పోయిన రెండేళ్ళకి, సైవ్ వాటిని తెచ్చి ఇందులో పెట్టాడు. మరి దీన్నేమంటారు? చనిపోయినాయన సొంత సొమ్ముని తిరిగి ఆయనకే కాపీ కొట్టిపెట్టడమా?

1935లో బెల్జియం సైన్యం దాన్ని తీసుకుంది. ఫ్రెంచివాళ్ళు మాత్రం వేరేది చూసుకున్నారు. పిల్ల నచ్చిందన్న పెళ్ళికొడుకే ముహూర్తానికి రాలేదన్నమాట. వాళ్ళు పెట్టమన్న షరతు ఒకటి మాత్రం పిస్టల్లో ఉండిపోయింది. మాగజీన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు. ఆ ఏర్పాటు వల్ల ట్రిగ్గర్ కాస్త బిరుసుగా ఉంటుందని మా నాన్న ఇప్పటికీ విసుక్కుంటాడు. ఎవరు పెట్టమన్నారో ఆయనకి ఈమధ్యనే నేను చెప్పాను. "కొననివాడి మాటెందుకు విన్నార్రా?" అన్నాడు.

1940లో జర్మన్లు వచ్చి ఫ్యాక్టరీ పట్టుకున్నారు. ఇదే పిస్టల్ మూడు లక్షలకు పైగా తమకోసం చేయించుకున్నారు. సైవ్ ఇంగ్లండ్ చేరాడు. అటు కెనడాలో టొరంటోలోని ఇంగ్లిస్ కంపెనీ చైనా సైన్యం కోసం ఇదే పిస్టల్ చేయడానికి ఒప్పుకుంది. డ్రాయింగులు బెల్జియంలో, జర్మన్ల చేతిలో ఉన్నాయి. ఏం చేశారు? చైనా వాళ్ళ దగ్గరున్న బెల్జియం పిస్టళ్ళు తెప్పించి, విప్పి, కొలిచి, కొత్తగా గీసుకున్నారు. అచ్చం బాలానగర్! యుద్ధంలో అటువాళ్ళ నడుముకీ ఇటువాళ్ళ నడుముకీ ఒకే పిస్టల్. నలభై ఏళ్ళ తర్వాత 1982లో ఫాక్లాండ్స్ దగ్గర బ్రిటిష్‌వాళ్ళూ అర్జెంటీనావాళ్ళూ కూడా అలాగే తలపడ్డారు, రెండు వైపులా ఇదే. ఇంగ్లిస్ కంపెనీ యుద్ధం అయ్యాక వాషింగ్ మెషిన్లు చేసుకుంది. ఆ చేసిన పిస్టళ్ళని కెనడా సైన్యం మొన్నమొన్నటిదాకా వాడింది. మన బెంగాల్‌లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే నైన్ ఎం.ఎం. పిస్టల్ ఆ కెనడా నమూనాదే. అంటే మాది కాపీ కాదు ఫోర్‌మన్ గారూ, కాపీకి కాపీ. సరేనా?

హంగరీ చేసింది, టర్కీ చేసింది, అర్జెంటీనా లైసెన్సు తీసుకుని చేసింది. యాభైకి పైగా దేశాల సైన్యాలు వాడాయి. హెర్స్టాల్‌వాళ్ళు 2018 ప్రాంతంలో తయారీ ఆపేస్తే, 2021లో ఒక అమెరికా కంపెనీ దాన్నే చేసి అమ్మకానికి పెట్టింది. అమెరికావాడు మొదలుపెట్టినదాన్ని అమెరికావాడు కాపీ కొట్టాడు. దాన్ని ఇక్కడ ఎవరూ శాండ్‌విచ్ మడతపెడుతూ కాపీ అనరు, పాత మోడల్ తిరిగొచ్చింది అంటారు. ఇదీ నా మంట.

ఇంత పొగుడుతుంటే మా అమ్మ ఫోన్లో "మనుషుల్ని చంపే వస్తువు మీద అంత ప్రేమేంట్రా?" అంది. 1981లో పోప్ మీద కాల్చింది ఈ పిస్టల్‌తోనే. గడాఫీ దగ్గర దొరికిన బంగారు పిస్టలూ ఇదే. అమ్మకి ఇవి చెప్పలేదు. మా ఇంట్లో ఇది ఎప్పుడూ కాల్చే వస్తువు కాదు, విప్పి బిగించే వస్తువు.

మాది తాడేపల్లిగూడెం వైపు, మిలిటరీ మాధవరానికి దగ్గర్లో. ఆ పేరు వింటే చాలు, నాన్న పద్ధెనిమిదేళ్ళకి ఎందుకు సైన్యంలో చేరాడో చెప్పక్కర్లేదు. ఈఎంఈలో, అంటే సైన్యంలో యంత్రాలూ ఆయుధాలూ బాగుచేసే విభాగంలో, ఆర్మరర్, తుపాకులు రిపేరు చేసే మనిషి. సికింద్రాబాద్‌లో ట్రైనింగు. సెలవుకి వచ్చినప్పుడు మా పాత టేబుల్ ఫ్యాన్‌నీ, అమ్మ కుట్టుమిషన్‌నీ సైన్యం పద్ధతిలోనే విప్పేవాడు. ముందు నేల మీద దుప్పటి పరవాలి, విప్పిన ముక్కని విప్పిన వరసలో ఎడమ నుంచి కుడికి పెట్టాలి, బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి రావాలి. "ఖోల్నా, జోడ్నా", విప్పడం, బిగించడం, అని హిందీలో పైకి అంటూ చేసేవాడు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద ఆయనకి చిన్న నల్లటి మచ్చ ఉంది. పిస్టల్ పేల్చి చూసేటప్పుడు చెయ్యి కాస్త పైకి పడితే, పైనున్న స్లైడ్ వెనక్కొచ్చినప్పుడు వెనకున్న హ్యామర్ అక్కడ కొరుకుతుంది. ఒరిజినలూ కొరుకుతుంది, కాపీ కూడా కొరుకుతుంది.

ఈ గోలంతా మా ఇంటి ఓనరమ్మకి చెప్పుకున్నాను. ఆవిడకి డెబ్భై ఎనిమిది. నెల మొదట్లో అద్దె ఇవ్వడానికి కిందికి వెళితే కూర్చోబెట్టి కాఫీ ఇస్తుంది. ఆవిడ పద్ధెనిమిదేళ్ళ వయసులో ఆ ఫ్యాక్టరీలోనే మిషన్ మీద పనిచేసిందని నాకు అప్పటిదాకా తెలియదు. 1966 ఫిబ్రవరిలో మూడు వేల మంది ఆడవాళ్ళు 'సమాన పనికి సమాన జీతం' అని పన్నెండు వారాలు సమ్మె చేశారు, అందులో ఈవిడ ఒకర్తె. మగవాళ్ళు మిషన్లు సెట్ చేసేవారట, వీళ్ళు నూనెలో తడిసిన ఆప్రాన్లతో రోజంతా నిలబడి వాటిని నడిపేవారట. నేను గొప్పగా అడిగాను, "అయితే ఒరిజినల్ పిస్టల్ మీరు చేశారన్నమాట?"

"నేను చేసింది ఒక రంధ్రం" అంది ఆవిడ. "రోజుకి ఎన్ని వందలో. అది దేనికి పోతుందో ఎవరూ చెప్పలేదు."

నేను కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాను. నేనూ రోజంతా గో, నో-గో గేజ్ పట్టుకుని రంధ్రాలే చూస్తాను. ఒక వైపు దూరాలి, రెండో వైపు దూరకూడదు. ఎక్కడి పంపులకి పోతాయో నేనూ అడగలేదు.

మూడు వారాలకి శుక్రవారం మధ్యాహ్నం, డ్యూటీ దిగేముందు, ఫోర్‌మన్ నా బల్ల దగ్గరికి వచ్చి ఒక గోధుమరంగు కవరు పెట్టాడు. "మీ నాన్నకి" అన్నాడు. లోపల జేపే పాత సర్వీసు పుస్తకంలోని పేజీ. ముక్కలన్నీ విడివిడిగా గాల్లో తేలుతున్నట్టు గీసిన బొమ్మ, ఒక్కోదానికీ నంబరు, కింద ఫ్రెంచిలో పేర్లు. వాళ్ళ నాన్న దాచుకున్న పుస్తకమట. ఆఫీసు జెరాక్స్ మిషన్ మీద తీసినట్టుంది, ఒక మూల నల్లగా పడింది. ఏదో అనబోయాడు, అనలేదు. సోమవారం రావాల్సిన షాఫ్టుల గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు.

రాత్రి వీడియో కాల్‌లో కాగితం కెమెరాకి ఆనించి పట్టుకున్నాను. నాన్న కళ్ళజోడు వెతుక్కుని వచ్చాడు. మా ఊళ్ళో అప్పటికి తెల్లవారలేదు, వెనకాల అమ్మ "ఇంత పొద్దున్నే ఏంటి" అంటోంది. నాన్న వేలు తెర మీదికి పెట్టి, ఫ్రెంచి పేర్ల జోలికి పోకుండా, నంబర్ల వెంట ఒక్కోటీ చెప్పుకుంటూ పోయాడు. బ్యారెల్, స్లైడ్, ఎక్స్‌ట్రాక్టర్, సియర్. ఒకచోట ఆగాడు.

"కాగితం పైకి లేపు. ఆ మూల చిన్న స్ప్రింగు చూశావా? విప్పేటప్పుడు ఎగిరిపోతుంది, ఇక దొరకదు. మీ ఫోర్‌మన్ గారికి చెప్పు, దుప్పటి పరుచుకుని విప్పమను."

"ఆయన దగ్గర పిస్టల్ లేదు నాన్నా, బొమ్మే ఉంది."

"అయినా చెప్పు."

సోమవారం షాపుకి వెళ్ళే బస్సులో దుప్పటిని ఫ్రెంచిలో ఏమంటారో ఫోన్లో చూసుకున్నాను.